మూడో కూక

నాకు సంతకం చేయడం వరకే వచ్చు. అది కూడా మా బిడ్డ నేర్పిందే, మహిళా సంఘం మీటింగులో అందరి ముందు నేను వేలిముద్ర వేస్తుంటే తనకు సిగ్గుగా ఉందని. కాబట్టి ఇది నేను రాసింది కాదు, చెప్పింది. నేను చెబుతుంటే తను ఫోన్‌లో కొడుతోంది. మాట నాది. దాన్ని పుస్తకాల భాషలోకి దిద్దుతున్నది తను. మధ్యమధ్యలో వేలు ఆపి, ఇది కూడా పెట్టాలా అని అడుగుతోంది. పెట్టమనే అంటున్నాను.

మా ఇల్లు చర్ల దాటి లోపలికి, అడవి అంచున ఉంటుంది. ముందు ఎర్రమట్టి బాట, వెనక కంచె, కంచె దాటితే పోడు చెలక, ఆ చెలక దాటితే తునికి పొదలు. మొన్నమొన్నటి దాకా ఫోన్ మాట్లాడాలంటే గుట్ట ఎక్కాల్సి వచ్చేది. పోలీసు క్యాంపు పెట్టాక దాని పక్కన టవర్ లేచింది. టవర్ లేచాక మా ఇంట్లోకి సీరియల్ వచ్చింది. సీరియల్ వెంట మా బిడ్డ రాసే కథలు వచ్చాయి.

బిడ్డ చర్లలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. కాంట్రాక్టు ఉద్యోగం. పొద్దున ఆటోలో పోయి సాయంత్రానికి వస్తుంది. వచ్చి కాళ్లు కడుక్కుని మొదలు చూసేది ఆ సీరియల్నే. అందులో ఒక పెద్ద బంగళా, ఒక అత్త, ఇద్దరు కోడళ్లు. వంటింట్లో కూడా పట్టుచీరలే కట్టుకుంటారు. పెద్ద కోడలి భర్త కారు ప్రమాదంలో పోయాడు. ఆ మనుషుల్నే తీసుకుని, సీరియల్లో జరగనిదంతా తన సొంతంగా రాసి, ఫోన్‌లోనే ఒక యాప్‌లో పెడుతుంది మా బిడ్డ. ఇట్లా రాసేవాళ్లు చాలామంది ఉన్నారట. ఫ్యాన్ ఫిక్షన్ అంటారట. వాళ్ల కథ వాళ్లు రాసుకుంటారు కదా, మధ్యలో నువ్వెందుకు అని అడిగాను. తను ఏదేదో చెప్పింది, నాకు ఎక్కలేదు. చివరికి నాకు నేనే చెప్పుకున్నాను: పక్కింట్లో నుంచి ఇంత తోడు తెచ్చుకుంటాం, పాలు మనవి, పెరుగు మనది. ఆ మాట చెబితే నవ్వి, గంతే అమ్మా అంది.

ఒక సాయంత్రం మొహం ముడుచుకుని వచ్చింది. చదివినవాళ్లు కథ కింద తమ మాట రాస్తారట. మామూలుగా ఏడిపించావక్కా అనో, తర్వాతిది జల్దీ పెట్టు అనో రాస్తారు. ఈసారి పేరు చెప్పకుండా పువ్వు బొమ్మ పెట్టుకున్న మనిషి ఎవరో, అత్త అట్లా ఎందుకు చేసిందో అర్థం కాలేదు, నమ్మబుద్ధి కాలేదు అని రాసింది. అన్నం ముందు పెట్టుకుని బిడ్డ అదే మాట తిప్పితిప్పి చెబుతోంది. నేను చింతపండు గింజ తీస్తున్నాను. ఇంతకీ ఆ అత్త ఏం చేసింది అన్నాను. కోడలి పాలల్లో విషం కలిపిందట. ఎందుకంటే ఆ కోడలంటే పడదట.

నాకు నవ్వొచ్చింది.

"పడకుంటే విషం కల్పుతదానే? మీ నాయనమ్మకు నేనంటే పడేదా? రేపు పొద్దుగాల ఆ ఇంట్ల బర్రె పాలు ఎవలు పిండాలె?"

బంగళాలో బర్రెలు ఉండవంది.

"ఇంకేదో పని ఉంటది కద. పడనిదాన్ని సంపరు బిడ్డా, పని చెప్తరు."

చెయ్యి అన్నంలోనే ఉంచుకుని నన్ను చూసింది. తర్వాత చెయ్యి కడుక్కుని ఆ విషం అంతా తుడిచేసింది. దాని బదులు, అత్త రోజూ కోడలు స్నానానికి పోయే వేళకే ఏదో ఒక పని పురమాయించేట్టు రాసింది. పువ్వు బొమ్మ మనిషికి అది నచ్చింది.

అప్పటి నుంచి ఆదివారాలు నాకు చదివి వినిపించడం మొదలుపెట్టింది. నేను గింజలు తీస్తూనో ఇప్పపువ్వు ఏరుతూనో వినేదాన్ని. ఒకసారి చిన్న కోడలు తప్పు చేసి పెద్ద కోడలి కాళ్ల మీద పడింది. పెద్ద కోడలు వెంటనే లేపి గుండెకు హత్తుకుంది. లేపితే లేపుతుంది గానీ, లేపాక వారం దాకా ఆమె వండిన కూర ముట్టదు అన్నాను. అదీ రాసుకుంది. ఇంకోసారి అత్తకు ఒక్క రోజులో మనసు మారింది. ఒక్క రోజులో కాలి ఆనె కూడా మెత్తబడదు, మనసెట్లా మారుతుంది అన్నాను. ఆఫీసులో వాళ్లకు కూడా ఈ మాటలు చెప్పి నవ్వించిందట. నిజం చెప్పాలంటే నాకూ బాగుండేది. మా ఆయన పోయాక నేనేమంటానా అని ఎవరైనా ఎదురుచూడటం అదే మొదలు.

ఇక్కడ మా దగ్గరి పద్ధతి ఒకటి చెప్పాలి.

అడవిలో మేం పేరు పెట్టి పిలుచుకోం. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఓ అని పొడుగ్గా కూక వేస్తాం. మొదటి కూకకు పలకకూడదు. రెండోదానికీ పలకకూడదు. మూడోది వినబడితేనే తిరిగి కూక వేసి అటు నడవాలి. మనిషి కానిది మూడోసారి పిలవలేదని నమ్మకం. తొందరపడి ఒక్క కూకకే పలికితే పలికినవాళ్లను వెంట తీసుకుపోతుందంటారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త అన్నిటికంటే ముందు నేర్పింది ఇదే. పొయ్యి అలకడం కూడా తర్వాతే. పిలిచేవాళ్లకూ ఈ సంగతి తెలుసు గనక మూడుసార్లు పిలుస్తారు.

ఆయన పోయాక నాకు ఇది ఇంట్లోకి కూడా వచ్చింది. పెరట్లో నిలబడి బిడ్డ పిలిచినా మూడోసారికి గానీ నోరు పెగలదు. ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోవాలి, మూడోసారికే ఎత్తుతాను. సంఘం మేడం దీనికోసం నన్ను నలుగురిలో తిట్టింది కూడా. బిడ్డ మాత్రం అలవాటుపడిపోయింది. అమ్మాఅమ్మాఅమ్మా అని, అదంతా ఒకటే మాట అయినట్టు గుక్క తిప్పుకోకుండా పిలుస్తుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఎండ తెల్లగా కాస్తోంది. తునికాకు రోజులు, బీడీలకు ఆకు కోసే కాలం. పొద్దున్నే ఆకుకు పోయినవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని మా ఇంటి ముందు నుంచే తిరిగి వస్తున్నారు. నేను ఆకుకు పోవడం మానేసి పదకొండేళ్లు. బిడ్డ గోడకు ఆనుకుని కూర్చుని, ఈసారి కొత్తది రాశానంది. కారు ప్రమాదం తనకు నచ్చలేదట. పెద్ద కోడలి భర్తను మన అడవిలోకి తెచ్చాను, ఇక్కడే పోతాడు అంది.

చదివింది. పెద్ద కోడలు వాకిట్లో ముగ్గు వేస్తోంది. దూరంగా అడవిలో భర్త కూక వినబడింది. ఒక్క కూక. ముగ్గుచిప్ప చేతిలో నుంచి జారింది. చెప్పులు లేకుండా ముళ్లలో పడి పరుగెత్తింది, పట్టుచీర చిరిగిపోయింది. అతను చెట్టు కింద పడి ఉన్నాడు. తల ఒడిలో పెట్టుకుంది. అతను ఏడేడు జన్మలకూ నువ్వే నా భార్యవని మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడి, ఆమె చెయ్యి పట్టుకుని కళ్లు మూశాడు. ఆమె అడవి దద్దరిల్లేట్టు ఏడ్చి స్పృహ తప్పింది.

చదవడం అయ్యేసరికి బిడ్డ గొంతు వణికింది. నేను కళ్లు తుడుచుకుంటున్నానేమోనని చూసింది.

పోయేవాడు అంత మాట్లాడడని చెప్పాను. నాలిక ఎండిపోయి అంగిటికి అతుక్కుంటుంది, ఒక్క మాట వచ్చినా గొప్పే. బిడ్డ సరేనంది, అది తగ్గిస్తానంది. ఇంకేమన్నా ఉందా అని అడిగింది.

"ఆమె ఉరకది," అన్నాను.

"ఎందుకు ఉరకదు?"

"ఒక్క కూకకే ఎట్ల ఉరుకుతది? అడివి పక్కన బతికేదేనా అది?"

"మొగుని గొంతమ్మా."

"మొగుని గొంతైనా."

నన్ను వింతగా చూసింది. అట్లా రాస్తే ఆమెను రాయి అనుకుంటారు, ఎవరూ నమ్మరు అంది. ఏడుపు అన్నా ఉంచనా అని అడిగింది. నేను చేతిలో పనిమీద ఉండి, ఆలోచించకుండా అనేశాను.

"గప్పుడే ఏడ్వది. చెప్పు దేవులాడుతది."

"ఏం చెప్పు?"

"ఆయన రెండో చెప్పు."

బిడ్డ ఫోన్ కింద పెట్టింది. తన కథలో అతని చెప్పు మాటే లేదు. నేను ఎన్నడూ తనకు చెప్పిన దాంట్లోనూ లేదు.

తనకు తెలిసింది ఇంతే: వాళ్ల నాయన ఆకుకు పోయి, అందరికీ దూరంగా ఎండకు పడిపోయాడు, ఎవరికీ తెలియలేదు, దవాఖానాలో వడదెబ్బ అన్నారు. అప్పుడు ఎనిమిదో తరగతి, హాస్టల్లో ఉండేది. తీసుకొచ్చి నిలబెడితే, నాయన ఎవరినీ పిలవలేదా అని అడిగింది. లేదన్నాను. పదకొండేళ్లుగా ఆ లేదు మీదే మేమిద్దరం ఒక ఇంట్లో బతికాం.

"నాయిన కూక ఏసిండా?" అని ఇప్పుడు మళ్లీ అడిగింది.

బాట మీద ఆకు మూటలతో ఆడవాళ్లు పోతున్నారు. వాళ్లు పోయేదాకా ఆగాను. అప్పుడు చెప్పాను.

ఆకు పని తెల్లవారకముందే మొదలవుతుంది. కోసిన ఆకును నీడకు తెచ్చుకుని, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున నారతో కట్టి, సాయంత్రానికి ఆకు కొనే కల్లానికి మోయాలి. ఆ రోజు నేను ఇప్పచెట్టు కింద కూర్చుని కట్టలు కడుతున్నాను. ఆయన ఇంకొక్క మూట తెస్తానని వాలు దిగి పోయాడు. వెంట వచ్చినవాళ్లు అప్పటికే ఇళ్లకు మళ్లారు. ఎండ నడినెత్తికి వచ్చింది. వాలు కింద నుంచి ఒక కూక వచ్చింది. కాసేపటికి ఇంకొకటి. మూడోది వస్తుందని కూర్చున్నాను. రాలేదు. చేతిలో ఉన్న కట్ట పూర్తయ్యాక లేచి పోయాను.

తునికి పొదలో బోర్లా పడి ఉన్నాడు. కోసిన ఆకు తువ్వాలలో అట్లాగే భుజానికి కట్టి ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. నోట్లో నీళ్లు పోస్తే పక్కగా కారిపోయాయి. అప్పుడు నేను కూక వేశాను. అంత గాభరాలో కూడా మూడుసార్లు వేశాను. పక్క గూడెం కోయవాళ్లు మూడో కూకకే పలికి వచ్చారు, వాళ్ల పద్ధతి కూడా అదే. వాళ్లలో వాళ్లు కోయ మాటలో ఏదో అనుకుంటూ ఆయన్ను మోయడానికి వెదురు బొంగులు నరికి దుప్పటి కడుతుంటే, నేను పొదల్లో ఆయన రెండో చెప్పు వెతుకుతున్నాను. అది దొరికితే ఆయన లేచి నడుస్తాడన్నట్టు వెతికాను. దొరకలేదు. బండ్లు తిరిగే రోడ్డు చేరకముందే ఊపిరి పోయింది.

ఆ సాయంత్రమే మా అత్తకు రెండు కూకల సంగతి చెప్పాను. ఆమె కొడుకు శవం పక్కన కూర్చుని ఉంది. నేనంటే పడని మనిషి. లేచి వచ్చి నా నెత్తిన చెయ్యి పెట్టింది.

"అది నా కొడుకు కాదు. నా కొడుకైతే మూడోది ఏసెటోడు. పలకకపోయి మంచిగ జేసినవ్," అంది.

ఇంకా రెండేళ్లు బతికింది. ఎప్పుడు ఆ మాట వచ్చినా అట్లాగే అంది. నేను ఆ మాటను పట్టుకుని బతికాను. కానీ ఆ రెండు కూకలు పోలేదు. క్యాంపులో హెలికాప్టర్ దిగి దాని మోత ఆగిపోయాక ఒక ఖాళీ వస్తుంది చూడండి, అందులో వినబడేవి. బోరింగు కొడుతూ చెయ్యి ఆపితే వినబడేవి. ఒకటి, తర్వాత ఇంకొకటి. తర్వాత నేను ఏ పనిలో ఉన్నా చెవి అటే పెట్టి ఆగిపోయేదాన్ని. ఏమైందమ్మా అని బిడ్డ అడిగితే తల తిరిగిందనేదాన్ని.

ఇదంతా చెప్పాను. బిడ్డ ఏడుస్తుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. తను రెండూ చేయలేదు. మోకాళ్లు చుట్టుకుని కూర్చుంది. ఆదివారాలు నేను తన కథ విన్నట్టు తను నా కథ విన్నది.

"గది సాలదమ్మా," అంది.

"ఏం సాలదు?"

"నాయిన గొంతు నీకు ఎర్కలేదా? మొదలుదానికి కాకున్నా రెండోదానికి తెల్సి ఉంటది. తెల్సి కూడ కూసున్నవంటే ఇంకేదో ఉండాలె. ఊకెనే ఎవలూ ఏం చెయ్యరని నువ్వే కద చెప్పినవ్."

పువ్వు బొమ్మ మనిషి తన అత్తను పట్టుకున్నట్టే నన్ను పట్టుకుంది. నేను నేర్పిందే. ఆ క్షణంలో, మూడో కూక కోసమే ఆగాను, అంతే అని గట్టిగా అనేసి ఉంటే తను ఊరుకునేది. బిడ్డ దూరమవుతుందన్న భయం ఉండేది కాదు, మా ఇల్లు ఎప్పట్లాగే నడిచేది. ఆ మాట అందామని నోరు తెరిచాను కూడా. అది నాకే అబద్ధంగా వినబడింది. తన కథలో ఎవరైనా అట్లా అంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు.

ఆయనకు బీడీలు ఎక్కువ. కూక చివర్లో సన్నగా దగ్గు తగిలేది. దయ్యం దగ్గదు. మొదటి కూకకే నాకు తెలుసు.

ఆ పొద్దున లేచిన దగ్గర నుంచీ ఆయన నాకు ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. నీళ్లియ్యి. తువ్వాల తే. నార గట్టిగా లాగు. ఈ నీడ కాదు, ఆ నీడకు జరుగు. చెడ్డవాడు కాదు, అట్లా చెప్పడం ఆయన అలవాటు, చేయడం నా అలవాటు. నేను అప్పుడే కూర్చున్నాను. అరికాళ్లు మండుతున్నాయి. నీళ్ల డబ్బా నా మోకాలి పక్కనే ఉంది, సగానికి పైగా నీళ్లున్నాయి. కూక వినబడగానే నీళ్లకే పిలుస్తున్నాడని తెలిసింది.

"నీళ్లు గావాల్నంటే ఆయనే వస్తడు, కాళ్లు లేవా అనుకున్న," అన్నాను బిడ్డతో. "మూడోది ఏస్తే అప్పుడు సూద్దామనుకున్న."

అంతే. దాని కింద ఇంక ఏమీ లేదు. కోపం అని కూడా అనలేను. కోపమైతే పెద్ద మాట. అలిసిపోయి ఒక్కసారి లేవబుద్ధి కాలేదు. పద్ధతి ఒకటి ఉంది గనక దాని వెనక కూర్చున్నాను. మా అత్త పుణ్యమా అని ఆ తర్వాత పదకొండేళ్లూ దాని వెనకే కూర్చున్నాను.

బిడ్డ లేచి లోపలికి పోయింది. ఫోన్ అక్కడే వదిలేసి పోయింది. కాసేపటికి దాని వెలుగు ఆరిపోయింది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఇంట్లో మాట లేదు. తను తిండి మానలేదు, ఆఫీసు మానలేదు. పొద్దున టిఫిన్ డబ్బా తనే కట్టుకునేది. సాయంత్రం వచ్చి బట్టలు ఉతుక్కునేది. సీరియల్ పెట్టలేదు. నన్ను పిలవడం మానేసింది. ఏదైనా కావాలంటే దగ్గరకు వచ్చి నిలబడేది, నేను తలెత్తితే చెప్పేది. అమ్మాఅమ్మాఅమ్మా అన్న మాట ఇంట్లో నుంచి పోయింది. ఆ రెండు కూకలకు ఇప్పుడు ఇల్లంతా ఖాళీ దొరికింది. పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు. బిడ్డ చర్లలోనే గది కిరాయికి తీసుకుని ఉండిపోతుందేమోనని ఒక భయం. ఆఫీసులో తోటి పిల్ల ఒకతె ఇంతకుముందే అడిగిందట, ఇద్దరం కలిసి ఉందామని. ఆ గది మాట నేను అడగలేదు, తను చెప్పలేదు. తన బ్యాగు సర్దుతున్న చప్పుడు వినబడితే చాలు, గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయేదాన్ని.

అయిదో రోజు ఏదో సెలవు. మధ్యాహ్నం నేను వెనక గిన్నెలు తోముతున్నాను. తునికి పొదల వైపు నుంచి కూక వచ్చింది.

ఒక్కటే. చివర్లో దగ్గు ఉందో లేదో చెప్పను. ఉందంటే మీరు నమ్మరు, లేదంటే నేను నమ్మను.

బూడిద చేతులతోనే లేచాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఓ అని పలికాను. ఆ అడవిలో ఒక్క కూకకు నేను పలకడం నా జన్మలో అదే మొదటిసారి. మా అత్త ఉంటే నా నోరు మూసి లోపలికి ఈడ్చుకుపోయేది. చెంబు బకెట్లో ముంచి, నిండా నీళ్లతో, తొణకకుండా కంచె దాకా నడిచాను. తీసుకుపోతే తీసుకుపోనీ అనుకున్నానని ఇప్పుడు చెప్పడం తేలిక. అప్పుడు అదేమీ అనుకోలేదు. నీళ్లు తొణకకూడదని మాత్రం అనుకున్నాను.

కంచె అవతల ఎవరూ లేరు. చెలకలో ఎండ. పొదలు కదల్లేదు. ఆకు కోసేవాళ్లు ఎప్పుడో పోయారు. నేను చెంబు పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా నిలబడ్డాను.

వెనక గడప దగ్గర అలికిడి అయింది. బిడ్డ.

"నేను పిల్వలే," అంది.

"ఎర్కే," అన్నాను.

నడిచి వచ్చి నా పక్కన నిలబడింది. తను కూడా కంచె మీద నుంచి అటు చూసింది. ఏం విన్నావని అడగలేదు. తనకు వినబడిందో లేదో నేనూ అడగలేదు. కాసేపటికి నా చేతిలో చెంబు తీసుకుని, తలెత్తి, నీళ్లన్నీ తనే తాగింది. గడ్డం మీద నుంచి మెడ మీదికి కారుతున్నా ఆపలేదు. ఖాళీ చెంబు నాకిచ్చి లోపలికి పోయింది.

ఆ సాయంత్రం ఎండ దిగాక వాకిట్లో చాప వేసి కూర్చుంది. మళ్లీ రాశాను అంది. చదవనా అని అడిగింది. చదవమన్నాను. నా చేతిలో పనేమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఈసారి పెద్ద కోడలికి పట్టుచీర లేదు. ముగ్గుచిప్ప లేదు. ఇప్పచెట్టు కింద కూర్చుని కట్టలు కడుతోంది. అరికాళ్లు మండుతున్నాయి. మోకాలి పక్కన నీళ్ల డబ్బా ఉంది. వాలు కింద నుంచి కూక వస్తుంది. ఆమె తల కూడా ఎత్తదు. రెండోది వస్తుంది. ఆమె డబ్బా వైపు ఒకసారి చూస్తుంది. ఇంత వరకు చదివేటప్పుడు బిడ్డ గొంతు వణకలేదు. ఏ మాటా పెద్దది చేయలేదు. ఆమె మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు.

"చేతిలో ఉన్న కట్ట పూర్తయ్యాక ఆమె లేచింది," అని చదివింది.

"ఆగు," అన్నాను.

ఆగింది.

ఆ రోజు మా అత్తకు అట్లాగే చెప్పాను. దవాఖానాలో అడిగినవాళ్లకు అట్లాగే చెప్పాను. మొన్న అన్నీ చెప్పేశాననుకున్న రోజు కూడా బిడ్డకు అట్లాగే చెప్పాను. చెప్పి చెప్పి నాకే అట్లా గుర్తుంది. ఇప్పుడు ఇంకొకరి గొంతులో, ఇంకొకామె మీద పెట్టి వింటుంటే, అక్కడ తేడా తెలిసింది. అంత అలిసినావిడ, లేవబుద్ధి కాక కూర్చున్నావిడ, ఒక్క కట్టకే లేవదు.

"ఒకటి కాదు బిడ్డా. రెండు కట్టిన."

తను తలెత్తింది.

రెండో కూక అయ్యాక చేతిలో కట్ట పూర్తి చేశాను. అడవి చప్పుడు లేకుండా ఉంది. చూశావా, ఆయనే ఊరుకున్నాడు అనుకున్నాను. ఇంకో యాభై ఆకులు తీసుకుని, తొడిమెలు ఒక దిక్కుకు సర్ది, నార చుట్టి, పంటితో కొరికి, అది కూడా కట్టల వరసలో పెట్టాను. అప్పుడు లేచాను. అంతసేపంటే ఎంతసేపో ఆకు కట్టినవాళ్లకు తెలుస్తుంది. మా బిడ్డ చిన్నప్పుడు సెలవుల్లో నా పక్కన కూర్చుని కట్టింది. తనకు తెలుసు.

తను ఫోన్ మీదికి వంగి, ఉన్నది తుడిచి, రెండు అని కొట్టింది. బాట మీద నుంచి ఎవరిదో బండి పోయింది, దుమ్ము లేచి మా మీద పడింది. అది సద్దుమణిగాక మొహం తుడుచుకుంది.

"అమ్మా," అంది, "మల్ల మొదట్నుంచి సదువుతా, ఇను."

అమ్మా అని ఒక్కసారే అంది. ఊ అన్నాను.